మ్యాచ్ అయిపోయాక చదవాల్సిన పుస్తకాలు

పోయిన సంక్రాంతికి ప్రకాశం జిల్లాలోని మా అమ్మమ్మగారి ఊళ్ళో, హైస్కూలు గ్రౌండులో కబడ్డీ పోటీలు పెట్టారు. రెండో రోజు రాత్రి ఆడపిల్లల మ్యాచ్. మా పిన్ని కూతురు ఒక జట్టులో రైడర్. నేను కెమెరా పట్టుకుని కోర్టు గీత పక్కన గొంతుక్కూర్చున్నా. మొదటి సగం అయిపోవస్తుండగా తను కూతకెళ్ళి, ఒకే ఊపులో ముగ్గుర్ని ముట్టుకుని వెనక్కొచ్చేసింది. గ్రౌండంతా లేచి అరిచింది. ఆ అరుపుకి నేను తలెత్తాను. అప్పటిదాకా నేను చేస్తున్న పనేంటంటే, కెమెరా వెనకున్న చిన్న తెరలో అంతకుముందు తీసిన ఫొటోని పెద్దది చేసి, సరిగ్గా వచ్చిందా లేదా అని చూసుకోవడం.

ఆట నడుస్తుండగా తెర చూసుకోకూడదు. ఆటల ఫొటోగ్రాఫర్లు ఈ అలవాటుకి ‘చింపింగ్’ అని పేరు కూడా పెట్టుకున్నారు. తీసిన ప్రతి ఫొటోనీ చూసుకుంటూ చింపాంజీలా ‘ఊ, ఊ’ అని మురిసిపోయేవాడి మీద వేళాకోళం అది. ఆ మాట నాకు తెలుసు. నా నోట్‌బుక్కులో ఎర్ర ఇంకుతో రాసుకుని, కింద రెండు గీతలు కూడా గీసుకున్నా. పండక్కి ముందు మూడు నెలలు ఆఫీసు నుంచి రాగానే ఫొటోగ్రఫీ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నవాణ్ణి. అయినా ఆ రోజు ఆ అమ్మాయి చేసిన సూపర్ రైడ్‌కి నా దగ్గర ఒక్క ఫ్రేమ్ లేదు.

మ్యాచ్ అయ్యాక తను చెమటలు కక్కుతూ వచ్చి అడిగింది. “అన్నయ్యా, ఆ మూడు పాయింట్లది పడిందా?”

పడలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చూడాలి, చాలా తీశాగా అన్నాను.

ఈ వ్యాసం ఆ అబద్ధం దగ్గర మొదలైంది. గీతలు గీసుకుని మరీ చదివిన మాట చేతికి ఎందుకు రాలేదు? తప్పు నాదా, పుస్తకాలదా, లేకపోతే ఇలాంటి పుస్తకాలని మనం చదివే పద్ధతిదా? కథల మీద, కవిత్వం మీద విమర్శ రాస్తాం గానీ, పని నేర్పే పుస్తకాల్ని విమర్శకి నిలబెట్టం. వాటికి ‘ఉపయోగపడింది’, ‘పడలేదు’ అని రెండు ముక్కల్లో తీర్పు చెప్పేస్తాం. కానీ వాటికీ ఒక వచనం ఉంది, ఒక కథకుడున్నాడు, ఎదురుగా ఊహించుకున్న ఒక పాఠకుడున్నాడు. ఆ ఊహలో మనం ఉన్నామా లేదా అన్నది చాలా తేడా తెస్తుంది.

నేను చదివినవి ముఖ్యంగా మూడు. స్కాట్ కెల్బీ ‘ది డిజిటల్ ఫొటోగ్రఫీ బుక్’ (2006). బ్రయాన్ పీటర్సన్ ‘అండర్‌స్టాండింగ్ ఎక్స్‌పోజర్’, ఇది 1990లో మొదటిసారి వచ్చి, తర్వాతి కూర్పుల్లో డిజిటల్ యుగంలోకి మారింది. ‘స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్’ పత్రికకి దశాబ్దాల పాటు పనిచేసిన పీటర్ రీడ్ మిల్లర్ తన పేరునే శీర్షికలో పెట్టి రాసిన ‘పీటర్ రీడ్ మిల్లర్ ఆన్ స్పోర్ట్స్ ఫొటోగ్రఫీ’ (2013). మూడూ అమెరికన్ పుస్తకాలు. మూడింటిలో ఎక్కడా కబడ్డీ లేదు. లేదని వాళ్ళని తప్పుపట్టలేం. కానీ కబడ్డీ దగ్గరకి తీసుకెళ్తే ఒక్కో పుస్తకం ఎంత దూరం మనతో వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో బాగా తెలుస్తుంది.

ముందు కెల్బీ. ఈ పుస్తకం ఎత్తుగడే వేరు. స్నేహితుడు పక్కనే ఉంటే సిద్ధాంతం చెప్పడు కదా, ‘ఇది ఇలా పెట్టు, అది అలా తిప్పు’ అంటాడు కదా, పుస్తకమంతా అలా రాశాడు. పేజీకి ఒక విషయం. పైన బొమ్మ, కింద నాలుగు మాటలు, మధ్యలో ఒక జోకు. ఆటల మీద ఒక అధ్యాయం ఉంది. షట్టర్ స్పీడు సెకనులో 640వ వంతు గానీ అంతకంటే వేగంగా గానీ పెట్టు, ఎక్కువ వెలుతురు పట్టే లెన్సు వాడు, కింద కూర్చుని తియ్యి, ఆటగాడి ముఖం కనబడేలా తియ్యి.

దీని ఆకర్షణ ఏంటో వంటల పుస్తకాలు చదివినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. మన వంటల పుస్తకాల్లో ‘ఉప్పు తగినంత’ అని ఉంటుంది. కొత్తగా వంట నేర్చుకునేవాడు ఆ ‘తగినంత’ దగ్గరే బోర్లా పడతాడు. కెల్బీ పుస్తకంలో ‘తగినంత’ అనే మాటే ఉండదు. అంకె చెప్పేస్తాడు. మొదటిరోజే ఏదో ఒక ఫలితం చేతిలో పడుతుంది. కంగారుపడే పాఠకుడి మీద ఆయనకున్న ఆ దయని నేను తక్కువ చెయ్యను.

ఇబ్బందల్లా ఆ అంకె ఆయన వంటింటి అంకె కావడం. నేను 1/640 పెట్టాను. ఒక ఫొటో బాగానే వచ్చింది, పక్క ఫొటో చీకటిగా వచ్చింది, ఆ తర్వాతది పసుపచ్చగా వచ్చింది. ఒకే చోట, ఒకే సెట్టింగు, సెకనులో పదో వంతు తేడాతో తీసినవి. కెమెరా పాడైందనుకున్నా. ప్రతి రైడ్ తర్వాతా తెర చూసుకుంటూ కూర్చున్నది అందుకే. అంటే ఒక సలహాని పాటించబోయి ఇంకో సలహాని తప్పాను. పుస్తకంలో ఆ రెండు సలహాలూ ఒకదానితో ఒకటి తగువాడవు. గ్రౌండులో ఆడతాయి.

జరిగిందేమిటో తర్వాత లెక్క వేసుకుంటే తెలిసింది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. గ్రౌండుల్లో కట్టే మెటల్ హాలైడ్ దీపాలు, చవక ఎల్‌ఈడీలు చాలావరకు ఆ లయకి సెకనుకి 100 సార్లు వెలుగుతూ మసకబారుతూ ఉంటాయి. కంటికి తెలియదు. 1/100 సెకను పాటు షట్టర్ తెరిస్తే ఒక పూర్తి చుట్టు లోపలికొస్తుంది కాబట్టి ప్రతి ఫొటోలోనూ వెలుతురు ఒకేలా ఉంటుంది. 1/640 పెడితే ఆ చుట్టులో ఆరో వంతు ముక్క మాత్రమే పడుతుంది. ఏ ముక్క పడుతుందన్నది లాటరీ. ఒకసారి వెలుగు ముక్క, ఒకసారి మసక ముక్క. అమెరికాలో 60 హెర్ట్జ్, అంటే సెకనుకి 120 సార్లు. అక్కడా ఈ సమస్య ఉంది. కాకపోతే లెక్క వేరు, పెద్ద స్టేడియాల్లో దీపాల ఏర్పాటూ వేరు. దీనికి కెమెరాలోనే విరుగుడు పెట్టింది కెనాన్ 2014లో, ఈఓఎస్ 7డి మార్క్ 2తో. దీపం బాగా వెలిగే క్షణం కోసం కెమెరానే రవ్వంత ఆగి క్లిక్‌మంటుంది. 2006లో వచ్చిన పుస్తకం, 2014లో వచ్చిన బటన్ నొక్కమని చెప్పలేదు కదా.

డిజిటల్ ఫొటోగ్రఫీ పుస్తకాలకి ఉన్న పెద్ద శాపం ఇది. వాటి వయసు కెమెరా వయసే. ఐఎస్‌ఓ సంగతే చూడండి. ఐఎస్‌ఓ పెంచితే తక్కువ వెలుతురులోనూ వేగంగా తియ్యొచ్చు, బదులుగా ఫొటో మీద ఇసక చల్లినట్టు మచ్చలొస్తాయి. 2006 నాటి పుస్తకం ఆ అంకెని పెంచమని చెప్పేటప్పుడు భయపడుతూ చెప్పక తప్పదు. మరుసటి ఏడాది, 2007లో, నికాన్ డి3 అనే కెమెరా వచ్చి 6400 దాకా వెళ్ళొచ్చని చూపించింది. ఇవాళ నాలాంటివాడు కొనుక్కునే మామూలు కెమెరాలో కూడా 3200 పెట్టడానికి ఎవరూ జంకరు. ఒక తరం పుస్తకాల్లోని జాగ్రత్తలన్నీ రాత్రికి రాత్రి పాతబడ్డాయి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఇది కొత్తేం కాదు. పదేళ్ళ కిందటి ఫ్రేమ్‌వర్క్ పుస్తకం మన అలమారాలో కూడా ఇలాగే నిలబడి ఉంటుంది, పారెయ్యడానికి మనసొప్పక.

మరి ఏది మిగులుతుంది? పీటర్సన్ దగ్గరకి వెళ్తే సమాధానం దొరుకుతుంది. ఆయన అంకెలు చెప్పడం కంటే అంకెల మధ్య చుట్టరికం చెప్తాడు. అపెర్చర్, షట్టర్, ఐఎస్‌ఓ మూడూ ఒక త్రికోణం. ఒకటి కదిపితే ఇంకోటి కదలాల్సిందే. ఒకే దృశ్యాన్ని వేరువేరు సెట్టింగులతో తీసి పక్కపక్కనే చూపిస్తాడు. సరిగ్గా రానిది కూడా చూపిస్తాడు. ఈ తరహా పుస్తకాల్లో ఇది అరుదైన నిజాయితీ. ఆయన చెప్పే ముఖ్యమైన మాట నా మాటల్లో ఇదీ: వెలుతురు సరిపోయే జోడింపులు చాలా ఉంటాయి. అందులో నువ్వు చెప్పదలుచుకున్నది చెప్పేది ఏదో ఒకటో రెండో. అది ఎంచుకోవడమే నీ పని.

ఆ పద్ధతిలో నా గ్రౌండుకి నేను లెక్క కట్టుకోగలిగాను. రైడర్ చెయ్యి సెకనుకి 5 మీటర్ల వేగంతో కదులుతోందనుకుందాం. 1/100లో ఆ చెయ్యి 5 సెంటీమీటర్లు జరుగుతుంది, కాబట్టి ఫొటోలో అలికినట్టు వస్తుంది. 1/640లో 8 మిల్లీమీటర్లు కూడా జరగదు, వేళ్ళు విడివిడిగా కనిపిస్తాయి. అలాగే కెమెరాతో పాటు వచ్చే లెన్సు బాగా జూమ్ చేసినప్పుడు ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. చవగ్గా దొరికే 50 ఎంఎం లెన్సు ఎఫ్ 1.8 దాకా తెరుచుకుంటుంది. ఆ రెండింటికీ వెలుతురులో తేడా దాదాపు పదింతలు. లక్షలు పోసి పెద్ద లెన్సు కొనలేనివాడికి ఇంతకంటే మంచి వార్త ఏముంటుంది? ఈ లెక్కకి పాతబడటం తెలియదు. కెమెరా మారినా, దేశం మారినా, ఆట మారినా పనిచేస్తుంది. అందుకే 1990 నాటి పుస్తకం 2006 నాటి పుస్తకం కంటే నాకు కొత్తగా అనిపించింది.

పీటర్సన్‌తో నా పేచీ ఒకటుంది. ఆయన లోకంలో తీరిక ఎక్కువ. ట్రైపాడ్ ఉంది, సాయంత్రపు ఎండ ఉంది, మళ్ళీ తీసే అవకాశం ఉంది. కబడ్డీలో రైడ్‌కి ఉన్న గడువు ముప్పై సెకన్లు. ఈ రైడ్ ఇంకోసారి రాదు.

ఆ తొందర తెలిసినవాడు మిల్లర్. ఈయన పుస్తకం పాఠంలా ఉండదు, అనుభవం ఉన్న పెద్దమనిషి పక్కన కూర్చుని చెప్పే కబుర్లలా ఉంటుంది. అమెరికన్ ఫుట్‌బాల్, ఒలింపిక్స్, ఆటగాళ్ళ పోర్ట్రెయిట్లు. ఎక్కడ నిలబడ్డాడు, ఏ లెన్సు పట్టుకున్నాడు, ఎందుకు. సాహిత్యం వైపు నుంచి వచ్చినవాడిగా నాకు మూడింటిలో ఎక్కువ నచ్చింది ఇది. ఫొటో కింద ఉండే చిన్న రాతలే ఈ తరహా పుస్తకాల్లో అసలైన వచనమని నాకు దీన్ని చదివాకే అనిపించింది. మూడు వాక్యాల్లో ఒక మనిషి ఒక చోటుని ఎంచుకున్న కథ ఉంటుంది.

కానీ ఆయన నిలబడే చోటు నాది కాదు. మెడలో పాసు ఉన్నవాడికి, ఫినిష్ లైను దగ్గర రిమోట్ కెమెరా బిగించగలిగినవాడికి ఆ ఎంపికలుంటాయి. నాకున్న ఎంపికలు రెండు. సున్నం గీత పక్కన కూర్చోవడం, లేదా మైకు పట్టుకున్న మాస్టారు ‘అక్కడ అడ్డం బాబూ’ అంటే లేచిపోవడం. ఇలా అనుకుంటూ ఆ పుస్తకాన్ని కొన్నాళ్ళు పక్కన పడేశాను. అది నా తొందరపాటు. అందులోంచి తీసుకోవాల్సింది ఆయన నిలబడ్డ చోటు కాదు, చోటు గురించి ఆయన వేసుకునే ప్రశ్న. ఈ ఆటలో ముఖాలు ఎటు తిరుగుతాయి?

ఆ ప్రశ్నని కబడ్డీకి వేసి చూడండి. ఫుట్‌బాల్‌లో బంతి ఉన్న జట్టు కాసేపు ఒకే వైపు నడుస్తుంది కాబట్టి ఫొటోగ్రాఫర్ ముందుకెళ్ళి ముఖాల కోసం కాచుకోవచ్చు. కబడ్డీలో ప్రతి రైడ్‌కీ దిశ మారిపోతుంది. ఒక జట్టు తర్వాత ఇంకో జట్టు. మగవాళ్ళ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. నువ్వు ఎదుటి జట్టు వెనక కూర్చుంటే రైడర్ లోపలికొచ్చేటప్పుడు ముఖం కనిపిస్తుంది. కానీ పట్టుకున్నాక ఆమె మధ్యగీత వైపు పెనుగులాడుతూ తిరుగుతుంది. అప్పుడు నీకు మిగిలేది వీపు. అటువైపు, ఆమె సొంత జట్టు వెనక కూర్చుంటే, వెళ్ళేటప్పుడు వీపు, వచ్చేటప్పుడు ముఖం. రెండూ ఒక్క చోటు నుంచి దొరకవు. నేను మొదటి సగమంతా ఎదుటి జట్టు వెనకే కూర్చున్నా. ఎందుకంటే ముఖం కనబడాలని పుస్తకం చెప్పింది.

విరామంలో నీళ్ళు తాగడానికొచ్చిన మా చెల్లి నన్ను చూసి అన్నమాట ఏ పుస్తకంలోనూ లేదు. “అక్కడెందుకు కూచున్నావన్నయ్యా? మేం పోయేటప్పుడు ఏముంటది? వచ్చేటప్పుడు చూడు.”

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆటల ఫొటోల గురించి ఎవర్ని అడిగినా చెప్పే సూత్రం ఒకటుంది: ఫ్రేములో ముఖం ఉండాలి, బంతి ఉండాలి. బంతి లేకపోతే చూసేవాడికి కథ అర్థం కాదు. కబడ్డీలో బంతి లేదు. మన చెడుగుడు బలమంతా కూతలో ఉంది. ఊపిరి బిగబట్టి ఆపకుండా పలకడంలో ఉంది. ఫొటోలో ఆ కూత వినబడదు, తెరిచిన నోరు మాత్రం కనబడుతుంది. మరి బంతి బదులు ఏం పెట్టాలి? చెల్లి మాట విన్నాక నాకు తట్టింది, మధ్యగీత పెట్టాలి. కబడ్డీ ఫొటోలో కథ చెప్పేది ఆ గీతే. గీత లేకపోతే అది ఇద్దరు మనుషులు కొట్టుకుంటున్న ఫొటో. గీత ఉంటే, ఇంకా ఎంత దూరం ఉందో తెలిసే ఫొటో.

ఇక్కడ నీల్ లైఫర్ సంగతి గుర్తుచేసుకోవాలి. 1965 మే 25న అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని లూయిస్టన్‌లో, మొదటి రౌండులోనే కిందపడిన సోనీ లిస్టన్ మీద నిలబడి మహమ్మద్ అలీ గర్జిస్తున్న ఫొటో తీసినప్పుడు లైఫర్‌కి 22 ఏళ్ళు. ఆ ఫొటోలో అలీ కాళ్ళ మధ్యలోంచి అటువైపు ఇంకో ఫొటోగ్రాఫర్ కనిపిస్తాడు. ఆయన హెర్బ్ షార్ఫ్‌మన్, అదే పత్రికకి పనిచేసే సీనియర్. ఆయన తప్పేం చెయ్యలేదు. కెమెరా సిద్ధంగా ఉంది, అనుభవం ఉంది. అలీ అటు తిరగలేదు, అంతే. ఇంకో విశేషం, ఆ ఫొటో ఆ వారం పత్రిక ముఖచిత్రం కూడా కాలేదు. దాని విలువ లోకానికి తెలియడానికి చాలాకాలం పట్టింది. పని నేర్పే పుస్తకాలన్నీ లైఫర్ వైపు నుంచి రాసినవి. షార్ఫ్‌మన్ వైపు నుంచి ఒక పుస్తకం ఉంటే నేను ముందు దాన్ని కొంటాను. మనలో చాలామందిమి కూర్చునేది ఆయన వైపే.

ఇక మొదటి ప్రశ్నకి వస్తాను. తెలిసినది చేతికి ఎందుకు రాలేదు? ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్నానంటే ప్రతివాడూ అనే మాట ఒకటుంది, ‘పుస్తకం చదివి ఈత నేర్చుకుంటావా?’ అని. అందులో సగమే నిజముంది. నీళ్ళలో దిగకపోతే ఈత రాదు, నిజమే. కానీ నీళ్ళలో దిగి పదేళ్ళు అదే తప్పు చేసేవాళ్ళూ ఉన్నారు. పెళ్ళిళ్ళలో, స్కూలు వార్షికోత్సవాల్లో వాళ్ళని చూస్తూనే ఉంటాం.

మ్యాచ్ మరుసటి రోజు మధ్యాహ్నం, ఇంట్లో అందరూ పడుకున్నాక, లాప్‌టాప్‌లో 1,180 ఫొటోలు ఎక్కించుకుని ఒక్కొక్కటే చూశాను. డిజిటల్ ఫొటో ప్రతిదాని లోపలా ఒక చిట్టా ఉంటుంది. ఏ షట్టర్ స్పీడు, ఏ అపెర్చర్, ఏ ఐఎస్‌ఓ, ఏ సమయం, అన్నీ అందులో రాసి ఉంటాయి. ఫిల్ము రోజుల్లో నేర్చుకున్నవాళ్ళు ఇదంతా చిన్న పుస్తకంలో చేత్తో రాసుకోవాల్సి వచ్చేది. మాకు ఆఫీసులో సర్వరు పడిపోతే రెండ్రోజుల తర్వాత ఒక మీటింగు పెడతారు. లాగులన్నీ తెరిచి, ఎన్ని గంటలకి ఏమైంది, ఎవరు ఏం నొక్కారు అని వరసగా రాస్తాం. దాన్ని పోస్ట్‌మార్టమ్ అనే అంటాం. ఆ మధ్యాహ్నం నేను చేసింది అదే. ఒక పక్క చిట్టా, ఇంకో పక్క అవే మూడు పుస్తకాలు.

అప్పుడు ఆ పుస్తకాలు వేరేగా చదవబడ్డాయి. పండక్కి ముందు అవి ఆజ్ఞల జాబితా. ఇప్పుడు నా తప్పులకి పేర్లు చెప్పే నిఘంటువు. ఈ చీకటి ఫొటో ఎందుకొచ్చింది, ఈ చెయ్యి ఎందుకు అలుక్కుపోయింది, ఈ ముఖం ఎందుకు వీపైంది అని నేను అడుగుతుంటే పీటర్సన్ ఒక పేజీలోంచి, మిల్లర్ ఇంకో పేజీలోంచి జవాబు చెప్తున్నారు. దీపాల సంగతి ముగ్గురి దగ్గరా కాదు, ఆ చిట్టా చూసి, లెక్క వేసుకుని, వేరే చోట వెతుక్కుంటే దొరికింది. కానీ వెతకాల్సిన ప్రశ్న ఏమిటో పీటర్సన్ త్రికోణం వల్లే తెలిసింది. మూడు మూలలూ మారకుండా ఉంటే ఫొటో మారకూడదు. మారిందంటే నాలుగోది ఏదో కదులుతోందన్నమాట. తెర చూసుకోవద్దన్న సలహా కూడా అప్పుడే బుర్రకెక్కింది. ఎర్ర గీతలు గీసినప్పుడు అది ఒక వాక్యం. ఇప్పుడది చిట్టాలో 40 సెకన్ల ఖాళీ. ఒక ఫొటో సమయానికీ తర్వాతి ఫొటో సమయానికీ మధ్య ఉన్న ఆ ఖాళీలో మా చెల్లి ముగ్గుర్ని ముట్టుకుంది.

ఈ పుస్తకాల మీద నా విమర్శంతా ఇంతే. ఇవి తమని తాము మైదానానికి వెళ్ళే ముందు చదవాల్సినవిగా పరిచయం చేసుకుంటాయి. వీటి అసలు చోటు తిరిగొచ్చాక. పోయిన మ్యాచ్ ఒకటి చేతిలో లేనివాడికి వీటిలో సగం వాక్యాలు శబ్దాలే. వీటిని రాసినవాళ్ళు కూడా బోలెడు మ్యాచ్‌లు పోగొట్టుకునే ఉంటారు. ఆ పోయిన ఫ్రేముల్లో ఒక పదింటిని అచ్చేసి, ‘ఇది ఇందుకు పోయింది’ అని రాసి ఉంటే, కొత్తవాడికి అంతకంటే మంచి పాఠం ఉండేది కాదు. పీటర్సన్ కొంత చేశాడు. మిగతావాళ్ళు నెగ్గిన ఫొటోలే చూపించారు. ఇప్పుడైతే ఈ లోటు ఇంకా పెద్దది. సోనీ 2023లో ప్రకటించిన ఎ9 త్రీ అనే కెమెరా సెకనుకి 120 ఫ్రేములు తీస్తుంది. క్షణాన్ని పట్టుకునే పని సగం యంత్రమే చేసేస్తుంటే, మనిషికి మిగిలే పని ఎక్కడ కూర్చోవాలి, తీసినవాటిలో ఏది ఉంచాలి అన్నదే. ఏది ఉంచాలన్న దానికి ఈ పుస్తకాలు పెట్టే పరీక్ష చాలా చిన్నది. కళ్ళు షార్ప్‌గా ఉన్నాయా? లేకపోతే తీసెయ్యి.

ఆ సాయంత్రం చెల్లికి నిజం చెప్పేశాను. ఆ మూడు పాయింట్లది పడలేదు, తెర చూసుకుంటున్నానని. తనేం అనలేదు. కాసేపాగి, తన ఫోనులో ఉన్న పాత ఫొటోలు చూపించింది. ఎనిమిదో తరగతి నుంచి ఆడుతోంది. ఫొటోలు ఇరవై దాకా ఉన్నాయి. అన్నిట్లోనూ వరసగా నిలబడ్డ అమ్మాయిలు, మధ్యలో కప్పు, పక్కన శాలువా కప్పుకున్న ముఖ్య అతిథి. కొన్నిట్లో అతిథి ఒక్కడే ఫోకస్‌లో ఉన్నాడు. “నేను ఆడతన్నట్టు ఒక్కటీ లేదన్నయ్యా. ఇవి చూస్తే కప్పు ఎవరో ఇచ్చిపోయినట్టుంటది.” డిగ్రీ ఆఖరి సంవత్సరం. పరీక్షలయ్యాక ఉద్యోగమో, పెళ్ళి మాటలో. వచ్చే సంక్రాంతికి ఆడుతుందో లేదో తనకే తెలియదు.

నేను వేరుచేసి పెట్టిన పన్నెండు మంచి ఫొటోలు చూపించాను. కళ్ళు షార్ప్‌గా ఉన్నవి, ముఖం కనిపిస్తున్నవి. బాగున్నాయంది. తర్వాత మిగతావి కూడా చూస్తానని తనే లాప్‌టాప్ లాక్కుని, తీసెయ్యడానికి పక్కన పెట్టినవాటిలోకి వెళ్ళింది. ఒకదాని దగ్గర ఆగింది.

అది రెండో సగంలోది. అప్పటికి ఈ చీకటి ఫొటోల గోల భరించలేక, కారణం తెలియకుండానే స్పీడు 1/100కి దించేశాను. చెల్లి మాట విని చోటు కూడా మార్చి, వాళ్ళ జట్టు వైపుకి వెళ్ళి కూర్చున్నా. వెలుతురు సమంగా ఉంది. ఎదుటి జట్టు అమ్మాయి రెండు చేతులతో తన చీలమండ పట్టుకుని ఉంది. బిగించి పట్టుకున్న చేతులు కదల్లేదు కాబట్టి గోళ్ళతో సహా స్పష్టంగా ఉన్నాయి. సున్నం గీత స్పష్టంగా ఉంది, దాని మీద ఎవరిదో కాలిముద్ర కూడా. చెల్లి ముఖానికి సగం జుట్టు అడ్డం పడింది. కళ్ళు కనబడవు. గీత మీదకి చాచిన చెయ్యి మొత్తం అలుక్కుపోయి, గోడ మీద తడిగుడ్డ లాగినట్టుంది.

ఇది పాడైపోయిందమ్మా, నీ ముఖమే లేదు అన్నాను.

“గీత ఉంది కదా” అంది.

ఆ పాయింటు వచ్చిందా అని అడిగాను. వచ్చిందట. ఆ ఫొటోనే ఫోనులోకి పంపించుకుంది. కెల్బీ లెక్కలో అది తీసెయ్యాల్సిన ఫొటో. పీటర్సన్ చూస్తే ఒప్పుకునేవాడేమో, ఎంపిక చేసి తీసి ఉంటే. నేను ఎంపిక చేసి తియ్యలేదు. ఎంచింది తను.

కొనాలనుకునేవాళ్ళకి ఒక మాట. ఒక్కటే కొనేట్టయితే పీటర్సన్ కొనండి, కొత్త కూర్పు అయితే మంచిది. మిల్లర్‌ని లైబ్రరీలోనో స్నేహితుల దగ్గరో పట్టుకుని, ఫొటోల కింద రాతలు మాత్రం నిదానంగా చదవండి. కెల్బీని కెమెరా కొన్న మొదటి వారం చదివి, అంకెల్ని పెన్సిల్‌తో మాత్రమే రాసుకోండి. ఇంకో సంగతి. ఫొటో తియ్యబోయే ఆట ఆడేవాళ్ళెవరైనా ఇంట్లో ఉంటే, ఎక్కడ కూర్చోమంటావని ముందు వాళ్ళని అడగండి. నేను విరామం దాకా అడగలేదు.